బొగ్గు గనుల్లో ఆపరేటర్ కొలువు: యంత్రం ఎవరిదన్నదే అసలు లెక్క

క్లుప్తంగా: సింగరేణి 1990ల మొదట్లో తీసిన దానికంటే మూడు రెట్లకు పైగా బొగ్గు ఇప్పుడు తీస్తోంది. పర్మినెంట్ కార్మికుల సంఖ్య మాత్రం మూడో వంతుకు దిగింది. చేత్తో బొగ్గు ఎత్తే పని పోయి, యంత్రం నడిపే పని, దాన్ని బాగుచేసే పని మిగిలాయి. ఆ పనిలోనూ పెద్ద భాగం కాంట్రాక్టర్ల కిందికి వెళ్లింది. అందుకే ఒకే గనిలో ఒకే తీరుగా బండి నడిపే ఇద్దరి జీతభత్యాలు, భద్రత, పదోన్నతి వేర్వేరుగా ఉన్నాయి. ఈ రంగంలోకి రావాలనుకునేవారు బొగ్గు ఎన్నేళ్లు ఉంటుందన్న ప్రశ్న కంటే ముందు, యంత్రం ఎవరి యాజమాన్యంలో ఉందన్నది చూసుకోవాల్సి ఉంటుంది.

రెండు మాటలు, రెండూ నిజమే

ఐటీఐ పాసై గోదావరిఖనిలోనో, మణుగూరులోనో, భూపాలపల్లిలోనో ఉన్న యువకుడికి ఇప్పుడు రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. బొగ్గుకు కాలం చెల్లింది, సౌర విద్యుత్తు వచ్చేసింది, ఇక గనుల్లో కొలువులు ఉండవన్నది ఒకటి. దేశంలో బొగ్గు ఉత్పత్తి రికార్డు స్థాయికి చేరింది, ఆపరేటర్లకు చేతినిండా పని ఉందన్నది రెండోది. రెండింటికీ ఆధారాలున్నాయి. 2070 నాటికి నెట్ జీరో (కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవడం) సాధిస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో భారత్ ప్రకటించింది. అదే దేశంలో 2024-25లో బొగ్గు ఉత్పత్తి తొలిసారి వంద కోట్ల టన్నులు దాటి 1,047 మిలియన్ టన్నులకు చేరింది.

గందరగోళం ఎక్కడ వస్తుందంటే, ఈ రెండు మాటలూ బొగ్గు గురించే చెబుతాయి, కొలువు గురించి చెప్పవు. ఎంత బొగ్గు తీస్తున్నారన్నదానికీ, ఎంతమందికి పని దొరుకుతోందన్నదానికీ ఉన్న బంధం ఎప్పుడో తెగిపోయింది. అది తెగిన తీరు తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది.

తట్టా చెమ్మస్ రోజుల నుంచి

ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో గుర్తించారు. 1886లో ఇంగ్లండ్‌లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుని 1889లో ఉత్పత్తి మొదలుపెట్టింది. సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ నమోదైంది 1920 డిసెంబరు 23న. ఇప్పుడు ఇందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

ఆ తర్వాత దశాబ్దాల పాటు గని అంటే భూగర్భ గనే. మందుగుండు పేల్చాక రాలిన బొగ్గును కోల్ ఫిల్లర్లు చెమ్మస్‌తో (పారతో) తట్టకెత్తి టబ్బులు (పట్టాల మీద నడిచే చిన్న బండ్లు) నింపేవారు. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. ఉత్పత్తి పెరగాలంటే మనుషులు పెరగాల్సిందే. సింగరేణి పట్టణాలన్నీ ఆ లెక్క మీదే పుట్టాయి. గని పక్కన క్వార్టర్లు, క్వార్టర్ల పక్కన బజారు, ఒక తరం వెనక ఇంకో తరం అదే గనిలోకి దిగడం.

1975లో రామగుండంలో ఓపెన్‌కాస్ట్ (ఓసీ) పద్ధతి రావడంతో ఈ లెక్క మారింది. ఓసీలో బొగ్గు మీదున్న మట్టిని, రాతిని, అంటే ఓవర్‌బర్డెన్‌ను (ఓబీ), పూర్తిగా తొలగించి పొరను బయటపెడతారు. కార్మికుడి చేతిలో ఉండేది చెమ్మస్ కాదు, స్టీరింగో లివరో. భూగర్భంలో ఒక మనిషి ఒక షిఫ్టులో తీసే బొగ్గు సగటున ఒకటి రెండు టన్నుల దగ్గరే ఆగితే, ఓసీలో అది పది టన్నులు దాటింది. పైగా భూగర్భంలో పైకప్పు నిలబెట్టడానికి వదిలేసే స్తంభాల్లో బొగ్గు చాలా మిగిలిపోతుంది, ఓసీలో ఆ నష్టం తక్కువ. 1990ల్లో సంస్థ నష్టాల్లో కూరుకుని బీఐఎఫ్ఆర్ (ఖాయిలా పరిశ్రమల పునరుద్ధరణ బోర్డు) గడప తొక్కిన దశలో ఈ ఖర్చుల తేడాయే నిర్ణయాలన్నింటినీ నడిపించింది.

ఫలితం అంకెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 1990ల మొదట్లో సుమారు 1.16 లక్షల మంది కార్మికులతో సంస్థ తీసిన బొగ్గు ఏడాదికి 20 మిలియన్ టన్నులకు అటూ ఇటూ. 2023-24లో 70 మిలియన్ టన్నులు తీసింది. పర్మినెంట్ కార్మికులు 41 వేల పైచిలుకు. బొగ్గులో 90 శాతం పైగా ఓసీల నుంచే వస్తోంది. బెల్లంపల్లి లాంటి చోట్ల భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడి, ఊళ్లు పలచబడింది సౌర ఫలకాలు రాకముందే.

ఇది సింగరేణికే పరిమితమైన కథ కాదు. అమెరికాలో బొగ్గు గని కార్మికుల సంఖ్య 1923లోనే సుమారు 8.6 లక్షలతో శిఖరానికి చేరింది. ఆ దేశం అత్యధికంగా బొగ్గు తీసిన సంవత్సరం మాత్రం 2008. ఈ 85 ఏళ్లలో ఉత్పత్తి దాదాపు రెట్టింపవగా, కార్మికులు పదో వంతుకు తగ్గారు. ఉత్పత్తి కూడా పడిపోయి గనులు మూతపడటం మొదలైంది ఆ తర్వాతే. అంటే కొలువులను మొదట తగ్గించింది యంత్రం, ఆ పైన బొగ్గు వాడకం తగ్గడం.

ఓసీలో ఆపరేటర్ చేసే పని

ఓసీలో ప్రధాన యంత్రాలు నాలుగైదే. పేలుడు పదార్థం నింపడానికి రంధ్రాలు వేసే డ్రిల్, పేలిన రాతిని ఎత్తే షావెల్, దాన్ని మోసే డంపర్, కుప్పలు చదును చేసే డోజర్, రోడ్డును సరిచేసే గ్రేడర్. వీటిని నడిపేవారినే సింగరేణిలో ఈపీ ఆపరేటర్లంటారు. డంపర్లు 60 టన్నులు, 100 టన్నులు మోసేవి ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని గేవ్రా లాంటి కోల్ ఇండియా గనుల్లో 240 టన్నుల డంపర్లు, ఒక్కసారికి 42 ఘనపు మీటర్లు ఎత్తే షావెళ్లు పనిచేస్తున్నాయి.

లారీ నడిపినవాళ్లకు డంపర్ ఏమంత కష్టం కాదన్న అభిప్రాయం బయట ఉంది. పనిని దగ్గరగా చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. షిఫ్టు మొదట్లో ఇంజిన్ ఆయిల్, కూలెంట్, టైర్లు, బ్రేకు, స్టీరింగ్, రివర్స్ హారన్, మంటల్ని ఆర్పే వ్యవస్థ అన్నీ చూసి చెక్‌లిస్టులో రాయాలి. ఆపరేటర్ కూర్చునే చోటు మేడ మీద కూర్చున్నంత ఎత్తు. బండికి కుడివైపూ ముందువైపూ మీటర్ల కొద్దీ నేల అతనికి కనిపించదు. అక్కడ జీపు ఉన్నా, మనిషి ఉన్నా తెలియదు. అందుకే కెమెరాలు, ప్రాక్సిమిటీ వార్నింగ్ పరికరాలు వచ్చాయి. షావెల్ కిందికి వెనక్కి వచ్చి సరిగ్గా బకెట్ తిరిగే చోట ఆపడం ఒక నేర్పు. కాస్త అటూ ఇటూ అయినా షావెల్ ఆపరేటర్ ప్రతి బకెట్‌కూ కొన్ని సెకన్లు ఎక్కువ తీసుకుంటాడు, షిఫ్టు మొత్తం మీద అది ట్రిప్పుల్లో తేలుతుంది.

గని రోడ్డు వాలు సాధారణంగా పదహారుకు ఒకటి ఉండేలా వేస్తారు. ఆ వాలులో దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. గేరు, రిటార్డర్ (బండి దిగుతున్నప్పుడు వేగాన్ని అదుపుచేసే వ్యవస్థ) కలిపి వేగం అదుపులో పెట్టాలి. డంప్ యార్డు అంచున మట్టిగట్టు ఉంటుంది. దానికి చక్రం ఆనించి ఆగడం ప్రమాదకరం, ఎందుకంటే అది ఎక్కడ ఆగాలో చూపించే గుర్తే తప్ప అంత బరువును ఆపే గోడ కాదు. వానాకాలంలో ఆ అంచు కింద నేల జారుతుంది. ఓసీల్లో జరిగే ప్రాణాంతక ప్రమాదాల్లో డంపర్లు, టిప్పర్లకు సంబంధించినవే ముందు వరుసలో ఉంటాయన్నది గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎంఎస్, లెక్కల్లో ఏళ్ల తరబడి కనిపిస్తున్న ధోరణి. నైట్ షిఫ్టు చివరి గంటల్లో కునుకు ఈ ప్రమాదాలకు పాత కారణమే.

కోల్ మైన్స్ రెగ్యులేషన్స్, 2017 ప్రకారం ఇలాంటి యంత్రాన్ని ఎవరుపడితే వారు నడపకూడదు. శిక్షణ పొంది, గని మేనేజర్ రాతపూర్వకంగా అధికారమిచ్చిన వ్యక్తే నడపాలి. ఇక్కడే ఒక చిక్కుంది. ఆ అధికార పత్రం ఆ గనికి, ఆ యంత్రానికి ఇచ్చేది. డ్రైవింగ్ లైసెన్సులా దేశమంతా చెల్లదు. ఇరవై ఏళ్లు షావెల్ నడిపిన మనిషి ఇంకో కంపెనీకి వెళితే మళ్లీ పరీక్షకు నిలబడాలి. ఈ లోటు పూడ్చడానికే స్కిల్ కౌన్సిల్ ఫర్ మైనింగ్ సెక్టర్ డంపర్, ఎక్స్‌కవేటర్, డోజర్, లోడర్ ఆపరేటర్లకు జాతీయ స్థాయి అర్హత ప్రమాణాలు తయారు చేసింది. ప్రైవేటు సంస్థల్లో ఆ సర్టిఫికెట్‌కు కొంత విలువ వస్తోంది. ప్రభుత్వ గనుల్లో సొంత శిక్షణ, సొంత ట్రేడ్ టెస్టుదే ఇంకా పైచేయి.

భూగర్భంలో వేరే లోకం

ఉత్పత్తిలో వాటా పది శాతం లోపే అయినా, సింగరేణిలోని సుమారు 40 గనుల్లో సగానికి పైగా భూగర్భ గనులే. కార్మికుల్లోనూ పెద్ద భాగం అక్కడే ఉన్నారు. చేత్తో బొగ్గు ఎత్తే హ్యాండ్ సెక్షన్లు పోయి ఎస్‌డీఎల్ (సైడ్ డిశ్చార్జ్ లోడర్), ఎల్‌హెచ్‌డీ (లోడ్ హాల్ డంప్) యంత్రాలు వచ్చాయి. ఎస్‌డీఎల్ గొలుసు చక్రాల మీద నడుస్తూ బకెట్‌ను పక్కకు వంచి కన్వేయర్ మీద బొగ్గు పోస్తుంది. ఎల్‌హెచ్‌డీ టైర్ల మీద నడుస్తుంది, ఆపరేటర్ పక్కకు తిరిగి కూర్చుంటాడు. కరెంటుతో నడిచే ఎల్‌హెచ్‌డీకి వెనకాల కేబుల్ డ్రమ్ ఉంటుంది. వెనక్కి వచ్చేటప్పుడు తన కేబుల్‌ను తానే తొక్కకుండా చూసుకోవడం కొత్త ఆపరేటర్‌కు మొదటి పరీక్ష.

ఆపై స్థాయివి కంటిన్యూయస్ మైనర్, లాంగ్‌వాల్. కొత్తగూడెం వీకే-7, గోదావరిఖని జీడీకే-11 గనుల్లో కంటిన్యూయస్ మైనర్లు పనిచేశాయి. ఇది పేలుడు అవసరం లేకుండా బొగ్గును నేరుగా కోస్తుంది. అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టులో షియరర్ బొగ్గును చెక్కుతూ వెళ్తుంటే, పైకప్పును మోసే హైడ్రాలిక్ సపోర్టులు దాని వెంట ముందుకు జరుగుతాయి. ఇలాంటి చోట ఆపరేటర్ కంటే ఎక్కువ కీలకం మెకానిక్, ఎలక్ట్రీషియన్. ఎందుకంటే ఉత్పత్తి మొత్తం ఒకే యంత్రాల వరుస మీద ఆధారపడి ఉంటుంది, ఎక్కడ ఒక్క గొలుసు తెగినా అంతా ఆగిపోతుంది.

భూగర్భ ఎలక్ట్రీషియన్ పని పైన ఫ్యాక్టరీలో పనికి భిన్నం. మోటారు, స్విచ్, బల్బు ఏదైనా ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెలోనే ఉండాలి. లోపల నిప్పురవ్వ పుట్టినా అది బయటి గాలిని అంటించకూడదు. ఆ పెట్టె మూతకు ఒక్క బోల్టు తక్కువ బిగించినా అది ఫ్లేమ్‌ప్రూఫ్ కింద లెక్కకు రాదు. గాలిలో మండే వాయువు 1.25 శాతం దాటితే ఆ చోట కరెంటు తీసేయాలన్నది నిబంధన. ఉత్పత్తి లక్ష్యం ఎంత తరుముతున్నా సప్లై ఆపే బాధ్యత ఎలక్ట్రికల్ సిబ్బందిదీ, అక్కడి సూపర్‌వైజర్‌దీ. ఇలాంటి క్రమశిక్షణ అలవడిన ఎలక్ట్రీషియన్‌కు పెట్రోకెమికల్ ప్లాంట్లలో కూడా విలువ ఉంటుంది. ఆ సంగతి బొగ్గు బెల్టులో పెద్దగా ఎవరూ చెప్పరు.

లోపలికి ఎన్ని దారులు

మొదటిది బయటి నోటిఫికేషన్. 2024లో వెలువడిన 327 పోస్టుల నోటిఫికేషన్‌లో ఎలక్ట్రీషియన్ ట్రైనీలు 98, ఫిట్టర్ ట్రైనీలు 47. వీటికి పదో తరగతితో పాటు సంబంధిత ట్రేడ్‌లో ఐటీఐ, అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ కావాలి. మిగిలినవి జూనియర్ మైనింగ్ ఇంజినీర్, అసిస్టెంట్ ఫోర్‌మన్, మేనేజ్‌మెంట్ ట్రైనీ పోస్టులు. గమనించాల్సింది ఏమిటంటే, ఆ జాబితాలో డంపర్ ఆపరేటర్ లేడు, షావెల్ ఆపరేటర్ లేడు.

ఎందుకంటే ఆపరేటర్ ఖాళీలను ఎక్కువగా లోపలివారితోనే నింపుతారు. ఇది రెండో దారి, ఇంటర్నల్ నోటిఫికేషన్. అప్పటికే బదిలీ వర్కర్‌గానో (రానివారి బదులు పనిచేసే కార్మికుడు), జనరల్ మజ్దూర్‌గానో ఉన్నవారు హెవీ లైసెన్సు, కంటిచూపు పరీక్ష, ట్రేడ్ టెస్టు దాటి ట్రైనీ ఆపరేటర్ అవుతారు. దీంతో బయటి యువకుడికి ఎదురయ్యే పరిస్థితి వింతగా ఉంటుంది. ఆపరేటర్ కావాలంటే ముందు కార్మికుడై ఉండాలి, కార్మికుడవడానికి నేరుగా తలుపు లేదు.

ఆ తలుపు చాలామందికి కారుణ్య నియామకం రూపంలో తెరుచుకుంటుంది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత, అనారోగ్యంతో పని చేయలేరని మెడికల్ బోర్డు తేల్చిన కార్మికుల, లేదా సర్వీసులో ఉండగా మరణించిన కార్మికుల వారసులకు ఉద్యోగమిచ్చే పద్ధతి కొనసాగుతోంది. వయోపరిమితిని 2024లో 35 నుంచి 40 ఏళ్లకు పెంచారు. ఇలా వచ్చేవారిలో డిగ్రీలు, బీటెక్‌లు చదివినవారు తక్కువేమీ కాదు. అందరూ మొదట బదిలీ వర్కర్లే. ఏడాదిలో భూగర్భంలో 190 మస్టర్లు (హాజరు రోజులు), ఉపరితలంలో 240 మస్టర్లు పూర్తిచేస్తే జనరల్ మజ్దూర్‌గా రెగ్యులర్ అవుతారు. ఈ 190, 240 అంకెలు గనుల చట్టం, 1952లో ఏడాది సర్వీసును లెక్కగట్టేందుకు పెట్టినవే.

మూడోది కాంట్రాక్టు. దీనికి నోటిఫికేషన్ ఉండదు, రోస్టర్ ఉండదు. టిప్పర్ నడపగలిగితే, ఎవరైనా తెలిసినవారు చెబితే పని దొరుకుతుంది. ఎక్కువమంది యువకులు వాస్తవంలో గనిలో అడుగుపెట్టేది ఈ దారినే.

ఏ దారిన వచ్చినా ఎంవీటీసీలో, అంటే గనుల వృత్తి శిక్షణ కేంద్రంలో, శిక్షణ తప్పదు. మైన్స్ వొకేషనల్ ట్రైనింగ్ రూల్స్, 1966 ప్రకారం భూగర్భంలో పనిచేయబోయేవారికి 24 రోజులు, ఓసీలో పనిచేయబోయేవారికి 12 రోజులు ప్రాథమిక శిక్షణ ఉండాలి. కాంట్రాక్టు కార్మికులకూ ఇదే వర్తిస్తుంది. కాగితం మీద తేడా లేదు. ఎంత శ్రద్ధగా జరుగుతుందన్నదే తేడా.

ఒకే గని, ఇద్దరు డ్రైవర్లు

పర్మినెంట్ ఆపరేటర్ జీతం నేషనల్ కోల్ వేజ్ అగ్రిమెంట్ ప్రకారం నడుస్తుంది. కోల్ ఇండియా, సింగరేణి కార్మికులందరికీ ఉమ్మడిగా జేబీసీసీఐ అనే ద్వైపాక్షిక కమిటీ కుదిర్చే ఒప్పందమిది. 11వ ఒప్పందం మీద 2023 మేలో సంతకాలయ్యాయి. 2021 జులై 1 నుంచి ఐదేళ్లకు, అంటే 2026 జూన్ 30 దాకా వర్తించే ఈ ఒప్పందంలో కనీస హామీ పెంపు 19 శాతం. సాధారణ రోజువారీ కార్మికులకు కేటగిరీ 1 నుంచి 6 దాకా మెట్లుంటే, భారీ యంత్రాల ఆపరేటర్లకు ఎక్స్‌కవేషన్ గ్రేడ్లు వేరుగా ఉన్నాయి. ‘ఈ’ (E) గ్రేడ్ నుంచి ‘ఏ’ (A) గ్రేడ్ దాకా ఎక్కుతూ పోవాలి. ఆదివారం ప్లేడే, అంటే సెలవు రోజున పని, దొరికితే రెట్టింపు వేతనం. భూగర్భంలో పనిచేస్తే దానికి ప్రత్యేక అలవెన్సు. క్వార్టర్, ఆసుపత్రి, సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల భవిష్య నిధి), పింఛను వీటికి అదనం.

వీటన్నింటి మీద లాభాల వాటా. 2023-24 లాభాల్లో విస్తరణకు తీసి పక్కన పెట్టాక మిగిలిన 2,412 కోట్ల రూపాయల్లో 33 శాతం, అంటే 796 కోట్లు, కార్మికులకు ప్రకటించారు. సగటున ఒక్కొక్కరికి 1.90 లక్షలు వచ్చింది. అదే ప్రకటనలో తొలిసారిగా దాదాపు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు కూడా ఇచ్చారు. ఒక్కొక్కరికి 5,000 రూపాయలు. తర్వాతి ఏడాది పర్మినెంట్ వారికి వాటా 34 శాతమైంది, కాంట్రాక్టు వారికి 5,500.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు, గనిలో ఉన్న గీత ఎక్కడుందో కనిపిస్తుంది. ఓసీలో తవ్వాల్సిన దానిలో సింహభాగం బొగ్గు కాదు, ఓబీ. ప్రతి టన్ను బొగ్గుకు అనేక ఘనపు మీటర్ల మట్టి, రాయి తీయాలి. గని లోతు పెరిగేకొద్దీ ఆ నిష్పత్తి పెరుగుతుంది. ఈ ఓబీ పనిలో ఎక్కువ భాగం టెండర్ల మీద ప్రైవేటు కాంట్రాక్టర్లకు వెళుతోంది. సంస్థకు ఇందులో లాభమేమిటో అర్థం చేసుకోవడం కష్టం కాదు. భారీ డంపర్ కొంటే ఏళ్ల తరబడి తరుగుదల, విడిభాగాలు, వర్క్‌షాపు, పర్మినెంట్ జీతాలు మోయాలి. కాంట్రాక్టరైతే ఘనపు మీటరుకు ఇంతని ధర. గని మూతపడే రోజున అతని టిప్పర్లు అతనే తీసుకెళ్లిపోతాడు. కాంట్రాక్టర్‌కు తక్కువ ధరకు టెండర్ పట్టాక మిగులు చూపించుకోవడానికి ఉన్న చోటు కూలీ ఖర్చే. అందుకే పన్నెండు గంటల డ్యూటీలు, బయటి రాష్ట్రాల డ్రైవర్లు, ట్రిప్పు లెక్కన ప్రోత్సాహకం.

ట్రిప్పు లెక్కన డబ్బు వస్తే వేగం పెరుగుతుంది, వేగంతో ప్రమాదమూ పెరుగుతుంది. చట్టం రెండు రకాల కార్మికులకూ ఒకే పని గంటలు, ఒకే భద్రతా నియమాలు చెబుతోంది. ఆ నియమాలను అమలు చేయించుకునే బలం మాత్రం ఇద్దరికీ సమానంగా లేదు. పర్మినెంట్ ఆపరేటర్ బ్రేకు బాగాలేదని బండిని పక్కన పెడితే ఫోర్‌మన్ విసుక్కుంటాడేమో, కొలువు పోదు. కాంట్రాక్టు డ్రైవర్ అదే పని చేస్తే మర్నాడు బండి ఇంకొకరికి ఇవ్వొచ్చు. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు హై పవర్ కమిటీ నిర్ణయించిన వేతనాలున్నాయి. అవి సింగరేణిలోనూ ఇవ్వాలన్నది ఇక్కడి కాంట్రాక్టు సంఘాల పాత డిమాండ్.

మహిళలకు తెరుచుకుంటున్న తలుపు

1952 చట్టం మహిళలను భూగర్భంలోకి, రాత్రి షిఫ్టుల్లోకి రానివ్వలేదు. 2019 జనవరిలో కేంద్రం మినహాయింపు ఇచ్చి, ఓసీల్లో రాత్రి పనికీ, భూగర్భంలో పగటిపూట సాంకేతిక, పర్యవేక్షక బాధ్యతలకూ వీలు కల్పించింది. కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. వాటిలో ఒకటైన వృత్తి భద్రత కోడ్ అన్ని రకాల పనుల్లోనూ, వారి సమ్మతితో రాత్రిపూట కూడా, మహిళలను నియమించవచ్చని చెబుతోంది. హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న డంపర్‌కు కండబలం అవసరం లేదు. అడ్డంకి యంత్రంలో కంటే గనిలో మరుగుదొడ్లు, విశ్రాంతి గదులు, రాత్రి రవాణాలో ఎక్కువగా ఉంది. కారుణ్య నియామకాల్లో వచ్చిన మహిళలను అటెండర్ పనికే పరిమితం చేస్తే, ఆపరేటర్ గ్రేడ్లలో ఉన్న జీతాలు వారికి ఎప్పటికీ అందవు.

ముందు ఏం జరగొచ్చు

సింగరేణి గనుల్లో చాలావాటికి నిల్వలు తరుగుతున్నాయి. కొత్త బ్లాకులు అంత తొందరగా చేతికి రావు. ఒడిశాలో నైనీ బ్లాకును 2015లో కేటాయిస్తే, అక్కడ ఉత్పత్తి మొదలైంది 2025 ఏప్రిల్‌లో. ఇటు గోదావరి లోయలోని బ్లాకులను కేంద్రం వేలంలో పెట్టాలా, నేరుగా సింగరేణికి ఇవ్వాలా అన్నది రాజకీయ వివాదంగానే నడుస్తోంది. ఆపరేటర్ వైపు నుంచి చూస్తే ఈ వివాదం చిన్నది కాదు. బ్లాకు ప్రైవేటు చేతికి వెళ్లినా అక్కడ డంపర్లు తిరుగుతాయి, డ్రైవర్లకు పని ఉంటుంది. వేజ్ అగ్రిమెంట్ మాత్రం ఆ గేటు దగ్గరే ఆగిపోతుంది.

డ్రైవర్ లేని డంపర్ల గురించి కూడా ఆందోళన ఉంది. ఆస్ట్రేలియా ఇనుప గనుల్లో ఇలాంటివి 2008 నుంచే ఉన్నాయి, అక్కడి బొగ్గు గనుల్లోకీ వచ్చాయి. మన దగ్గర ఆ వేగం ఉండకపోవచ్చు. అక్కడ ఆపరేటర్ జీతం చాలా ఎక్కువ, గనులు ఊళ్లకు వందల కిలోమీటర్ల దూరం. ఇక్కడ టిప్పర్ డ్రైవర్ చౌకగా దొరుకుతున్నంత కాలం కోట్లు పోసి స్వయంచాలక వ్యవస్థ పెట్టే అవసరం కాంట్రాక్టర్‌కు కనిపించదు. దగ్గర్లో ఉన్న మార్పు వేరు. బండ్ల సంఖ్య తగ్గి సైజు పెరగడం, జీపీఎస్‌తో ప్రతి ట్రిప్పునూ కంట్రోల్ రూమ్ నుంచి లెక్కించడం, మట్టిని డంపర్లకు బదులు కన్వేయర్ల మీద పంపడం. ఇవన్నీ డ్రైవర్ల సంఖ్యను తగ్గిస్తాయి. సెన్సర్లు, హైడ్రాలిక్స్, కన్వేయర్లు చూసే మెకానిక్‌ల అవసరాన్ని పెంచుతాయి.

సౌర విద్యుత్తు ప్రాజెక్టుల్లోకి సంస్థ అడుగుపెట్టింది, జైపూర్‌లో 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రం నడుపుతోంది. వీటిలో పర్మినెంట్ కొలువులు గనులతో పోల్చదగ్గ సంఖ్యలో లేవు. సోలార్ ప్లాంటు కట్టేటప్పుడే మనుషులు కావాలి, నడపడానికి కొద్దిమంది చాలు.

చేతిలోని పని ఎంత దూరం వస్తుంది

ఈ రంగంలోని ట్రేడ్‌లన్నీ బయట ఒకేలా చెల్లవు. ఎలక్ట్రీషియన్, వెల్డర్, మెకానికల్ ఫిట్టర్, క్రేన్ ఆపరేటర్ పని సిమెంటు, ఉక్కు, విద్యుత్ కేంద్రాలు, ఓడరేవులు అన్నిచోట్లా ఉంది. ఎక్స్‌కవేటర్, డోజర్, గ్రేడర్ నడిపినవారికి రోడ్లు, సాగునీటి ప్రాజెక్టుల పని ఉంటుంది. భారీ డంపర్, ఎలక్ట్రిక్ షావెల్ నడిపిన అనుభవం మాత్రం గనులు దాటి పెద్దగా ఎక్కడా పనికిరాదు. ఎస్‌డీఎల్ నడపడం, పైకప్పుకు ఆసరాలు పెట్టే సపోర్ట్‌మన్ పని, టబ్బులను లాగే హాలర్ నడపడం భూగర్భ గని ఉన్నంతవరకే. గనిలో ఎక్కువ జీతమున్న కొలువే బయట తక్కువ చెల్లడం ఇందులోని తిరకాసు. ఎక్స్‌కవేషన్ ‘ఏ’ (A) గ్రేడ్ ఆపరేటర్ గని మూతపడ్డాక దేశంలో ఇంకో పెద్ద ఓసీని వెతుక్కోవాలి, వెల్డర్‌కు ఆ అవసరం లేదు.

ఇంకో సంగతి, కంటిచూపు. ఆపరేటర్‌కు క్రమం తప్పకుండా వైద్య పరీక్షలుంటాయి. చూపు ప్రమాణం తప్పితే ఆ సీటు పోతుంది, ఉపరితలంలో వేరే పని ఇస్తారు. అప్పుడు పాత గ్రేడ్, పాత జీతం నిలుస్తాయా లేదా అన్నది యూనియన్ల చర్చల్లో పదే పదే వచ్చే అంశం. ఫిట్టర్‌కు ఈ ముప్పు తక్కువ.

కాంట్రాక్టులో చేరేవారి విషయంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది కాగితాలు. ఎంవీటీసీ సర్టిఫికెట్ తన పేరు మీద ఉందా, గని రిజిస్టర్‌లో పేరెక్కిందా, సీఎంపీఎఫ్ నంబర్ వచ్చిందా, మేనేజర్ ఇచ్చిన అధికార పత్రంలో ఏ యంత్రం రాసి ఉంది. టెండర్ గడువు ముగిసి కాంట్రాక్టర్ మారినప్పుడు, లేదా ప్రమాదం జరిగి నష్టపరిహారం అడగాల్సి వచ్చినప్పుడు, ఆ గనిలో పనిచేశానని రుజువు చేసుకోవడానికి డ్రైవర్ చేతిలో ఉండేవి ఇవే. బండి నడపడం వచ్చిన రెండో రోజునుంచే ట్రిప్పులు కొట్టించే చోట ఈ నాలుగు కాగితాల కోసం పట్టుబట్టడం తేలిక కాదు. వాటిని అడిగి చూసే బాధ్యత ప్రధాన యజమానిగా గనిని నడిపే సంస్థ మీద కూడా చట్టం పెట్టింది.